ఆఖరికి మంత్రగాడి వైపే పోయిన సినిమా

దయ్యాల సినిమాలు చాలానే చూశాను. చూసిన రాత్రి భయపడి, తెల్లారాక మర్చిపోయినవే ఎక్కువ. ఒక్క సినిమా మాత్రం ఇన్నేళ్ళుగా మనసులో ఉండిపోయింది. 2010లో వచ్చిన 'ది లాస్ట్ ఎగ్జార్సిజం'. దర్శకుడు డానియల్ స్టామ్. నిర్మాతల్లో ఎలై రాత్ ఒకరు. చివరి పది నిమిషాలు పక్కన పెడితే ఆ సినిమా అంటే నాకు ప్రాణం. ఆ పది నిమిషాలు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా గల్లీ గురించి చెప్పాలి.

మాది బల్లార్షా. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా. వార్ధా నది ఒడ్డున గోండు రాజుల కోట, ఊరి మీద ఎప్పుడూ పేపర్ మిల్లు వాసన, చుట్టూ బొగ్గు గనులు. మా బాపు మంథని దిక్కు నుంచి గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. గల్లీలో తెలుగువాళ్ళ ఇళ్ళు, మరాఠీ వాళ్ళ ఇళ్ళు కలిసే ఉండేవి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. పండగలు అందరివీ. భయాలు కూడా అందరివీ.

చైత్రమాసంలో చంద్రపూర్ మహాకాళి జాత్రకి మమ్మల్ని తీసుకెళ్ళేవాళ్ళు. నాందేడ్ వైపు నుంచి, ఆదిలాబాద్ వైపు నుంచి జనం తండోపతండాలుగా వచ్చేవాళ్ళు. ఆ ఎండలో, డప్పుల మోతలో, పసుపు కుంకుమల మధ్య ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని శిగమూగేవాళ్ళు. మరాఠీ వాళ్ళు అంగాత్ ఆలే అనేవాళ్ళు. మా అవ్వ మమ్మల్ని పక్కకి లాగి, అమ్మవారు వచ్చింది, దండం పెట్టండి అనేది. వాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోసేవాళ్ళు, బొట్టు పెట్టేవాళ్ళు, మా బిడ్డకి పెళ్ళి ఎప్పుడవుతుందో చెప్పమ్మా అని అడిగేవాళ్ళు. చిన్నప్పుడు ఇదంతా చూసి నాకు భయం వేయలేదు. గౌరవంగానే అనిపించేది.

అదే ఊగుడు ఇంట్లో, రాత్రిపూట, పెళ్ళికాని పిల్లకి వస్తే మాత్రం కథ మారిపోతుంది. అప్పుడది అమ్మవారు కాదు, గాలి. ఒకరికి కాళ్ళు కడుగుతారు, ఇంకొకరిని కొడతారు. ఏది దేవతో ఏది దయ్యమో తేల్చేది ఊగుతున్న మనిషి కాదు, చుట్టూ నిలబడ్డవాళ్ళు. ఈ సంగతి నాకు ఏడో తరగతిలో ఉన్నప్పుడు తెలిసింది.

పక్కింటి పెద్దబాపు కూతురు. పేరు చెప్పను, అక్క అనే అంటాను. పదో తరగతి పాసైంది, మంచి మార్కులే వచ్చాయి. ఆ ఎండాకాలమే మంథని పక్క పల్లెలో సంబంధం ఖాయం చేశారు. అబ్బాయికి వయసు ఎక్కువ, కానీ భూమి ఉంది. నిశ్చితార్థం తర్వాత అక్క ఒక సాయంత్రం నీళ్ళ బిందె దగ్గర పడిపోయింది. పళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత లేచి కూర్చుని, తనది కాని గొంతుతో మరాఠీలో తిట్టడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్నని పేరు పెట్టి పిలిచింది. గల్లీ అంతా పోగైంది. ఎవరో అన్నారు, పోయిన వానాకాలం వార్ధాలో పడి చనిపోయిన గోండు ముసలావిడ ఈ పిల్లని పట్టింది అని. అంతే, అదే నిజమైపోయింది.

పెద్దబాపు చెడ్డవాడు కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. కూతురంటే ఆయనకి పంచప్రాణాలు. అప్పు చేసి ఒక దేవ్‌రుషిని, అంటే దయ్యాలు వదిలించే మంత్రగాణ్ణి, తీసుకొచ్చాడు. కోడి, నిమ్మకాయలు, కొబ్బరికాయలు, ఆపైన రొక్కం. ఆ మనిషి అక్కని గోడకి ఆనించి కూర్చోబెట్టి, జుట్టు చేతికి చుట్టుకుని, ఎవరు నువ్వు, ఎక్కడ పట్టావ్, ఏం కావాలి నీకు అని అడిగాడు. నిప్పుల మీద ఎండుమిరపకాయలు వేసి ఆ పొగలోకి మొహం వంచాడు. మేము పిల్లలం కిటికీ దగ్గర నిలబడి దగ్గుతూనే చూశాం. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పెద్దబాపు మాత్రం, ఇంకొంచెం, ఇంకొంచెం, పోతది బిడ్డా పోతది అంటూ కూతురి భుజాలు పట్టుకుని ఉన్నాడు. ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది. ప్రేమతోనే పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, తెల్లారి ఆమె భుజాల మీద ఆయన వేళ్ళ గుర్తులు కనిపించాయి.

అక్కని కాపాడింది మా సైన్సు సార్. ఆయనది సిరొంచ. ప్రాణహిత, గోదావరి కలిసేచోటి మనిషి. మాలాగే ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పాఠం అయిపోయాక, సెలవు రోజుల్లో, మూఢనమ్మకాల మీద పనిచేసే అంధశ్రద్ధ నిర్మూలన్ సమితి వాళ్ళతో కలిసి ఊళ్ళు తిరిగి చమత్కారాలు చేసి చూపించేవారు. నిమ్మకాయ కోస్తే రక్తం కారేది. కర్పూరం నాలుక మీద వెలిగించుకునేవారు. మంత్రం చదివి నీళ్ళు చల్లితే కొబ్బరికాయ పీచు భగ్గున మండేది. జనం చేతులు జోడించేవాళ్ళు. అప్పుడు ఆయన, దండాలు వద్దు, దగ్గరికి రండి అని పిలిచి, చాకుకి ముందే రుద్దిన మందారపువ్వు రసం నిమ్మపులుపు తగిలితే ఎలా ఎర్రబడుతుందో, పీచులో దాచిన సోడియం ముక్క తడి తగిలితే ఎలా అంటుకుంటుందో విప్పి చూపించేవారు. దేవుణ్ణి నేనేమీ అనడం లేదు, దేవుడి పేరు చెప్పి మీ జేబులో చెయ్యి పెట్టేవాణ్ణి అంటున్నాను అనేవారు.

మర్నాడు ఆయన వచ్చి అక్క పక్కన కూర్చున్నారు. మళ్ళీ ఆ గొంతు వచ్చింది. సార్ భయపడలేదు, తిట్టలేదు, వింటూ కూర్చున్నారు. బయటికి వచ్చి పెద్దబాపుతో అన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది. "చనిపోయిన ముసలమ్మ బడి మొహం చూడలేదు కదా. ఈమె మాట్లాడుతున్నది పుస్తకంలో మరాఠీ. నేను క్లాసులో చెప్పిన మరాఠీ. ఇది ముసలమ్మ కాదు, మీ పిల్లే. తెలుగులో చెప్పలేని మాటలు ఇట్ల చెప్తున్నది."

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. మూర్ఛ రోగం కాదని తేలింది. డాక్టరమ్మ అందరినీ బయటికి పంపి అక్కతో చాలాసేపు మాట్లాడింది. పెళ్ళి ఆగింది. ఆగినందుకు పెద్దబాపు చుట్టాల్లో చాలా మాటలు పడ్డాడు. అక్క తర్వాత నర్సింగ్ చదివింది.

ఇక సినిమా. 2011 ఎండాకాలం. మా తమ్ముడు ఇంజనీరింగ్ సెలవులకి వస్తూ పెన్‌డ్రైవ్‌లో ఏవో తెచ్చాడు. మా వైపు ఎండాకాలం రాత్రుళ్ళు కూడా గోడలు సెగలు కక్కుతాయి. అందరం మా ముందు గదిలో, కూలర్ ఎదురుగా, కంప్యూటర్ చుట్టూ కూర్చున్నాం. అక్క సెలవు మీద వచ్చి ఉంది. సార్‌ని తమ్ముడే పట్టుబట్టి పిలిచాడు. ఇందులో మీలాంటాయనే ఉన్నాడు సార్, ఒక పాస్టర్, తన మోసాలు తనే విప్పి చూపిస్తాడు అన్నాడు. అక్క వస్తానంటే నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. దయ్యం పట్టిన పిల్ల కథ ఆమె ఎదురుగా ఎలా పెట్టాలి? ఆమే, పెట్టండి, చూస్తా అంది.

సినిమా ఒక డాక్యుమెంటరీలాగా నడుస్తుంది. అమెరికాలో లూసియానా రాష్ట్రం, బాటన్ రూజ్ అనే ఊళ్ళో కాటన్ మార్కస్ అనే పాస్టర్. పాట్రిక్ ఫేబియన్ వేశాడు. చిన్నప్పటి నుంచీ తండ్రితో పాటు వేదికలెక్కి ప్రసంగాలు చేసినవాడు. ఆ ప్రసంగం మధ్యలో అరటిపండ్ల రొట్టె ఎలా చేయాలో చెప్పినా జనం హల్లెలూయా అంటారని కెమెరా ముందు పందెం కాస్తాడు. నిజంగానే చెప్తాడు, నిజంగానే అంటారు. ఆ సీనుకి సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇదే నేను చెప్పేది, ఇదే అని.

ఆ పాస్టర్‌కి నమ్మకం ఎప్పుడు సడలిందో కూడా చెప్తాడు. కొడుకు పుట్టినప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. బతికాక తన నోటివెంట మొదట దేవుడికి కాదు, డాక్టర్లకి కృతజ్ఞత వచ్చిందట. తర్వాత దయ్యం వదిలించే తంతులో ఒక పిల్లవాడు చనిపోయిన వార్త చదివాడు. ఇక ఈ పని మానేయాలి, మానేసే ముందు ఇదంతా ఎంత బూటకమో లోకానికి చూపించాలి అనుకుంటాడు. ఐరిస్ అనే నిర్మాత, డానియల్ అనే కెమెరామెన్ అతని వెంట బయలుదేరతారు. వచ్చిన ఉత్తరాల్లోంచి ఒకటి తీస్తే అది లూయిస్ స్వీట్జర్ అనే రైతుది. పశువులు చచ్చిపోతున్నాయి, నా కూతురు నెల్‌కి దయ్యం పట్టింది, రండి అని.

ఆ ఇంట్లో కాటన్ చేసే తంతు చూడాలి. శిలువకి మీట నొక్కితే పొగ వస్తుంది. గదిలో ముందే దాచిన స్పీకర్లలోంచి దయ్యం అరుపులు వస్తాయి. సన్నని దారాలు లాగితే సామాను కదులుతుంది. నెల్ కాళ్ళు పెట్టిన గిన్నెలో నీళ్ళు బుడగలు తేలతాయి. ఇవన్నీ ఎలా అమర్చాడో ముందే కెమెరాకి చూపించి, తర్వాత తంతు నడిపిస్తాడు. పని అయ్యాక డబ్బులు తీసుకుంటాడు. అందులో దాపరికం లేదు. పిల్లకి నయమైందని తండ్రి నమ్మితే పిల్ల తేరుకుంటుంది, నేను చేసేది అంతే అంటాడు. మోసగాడే, కానీ మనసులో తడి ఉన్న మోసగాడు. అతను పొగ శిలువ తీసి చూపించినప్పుడు అక్క మొదటిసారి నవ్వింది. మిరపకాయల కంటే ఈ పొగ నయం అంది.

నెల్‌గా వేసిన ఆష్లీ బెల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒళ్ళు వెనక్కి విల్లులా వంచే ఆ భంగిమలు కంప్యూటర్‌తో చేసినవి కావు, ఆమె స్వయంగా చేసింది. కానీ నన్ను కట్టిపడేసింది ఆ విరుపులు కాదు. తల్లి క్యాన్సర్‌తో పోయింది. తండ్రి తాగుడులోకి, అటునుంచి మూఢభక్తిలోకి జారాడు. కూతుర్ని బడి మాన్పించి, చర్చి మాన్పించి, ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఐరిస్ వేసుకున్న ఎర్ర బూట్లు చూసి, ఎంత బాగున్నాయో అంటుంది. ఐరిస్ విప్పి ఇచ్చేస్తుంది. అవి తొడుక్కుని ఆ పిల్ల మొహంలో వచ్చిన వెలుగు చూస్తే, ఈమెకి ఏ దయ్యం పట్టిందో వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడి నుంచి సినిమా బిగుసుకుంటుంది. కాటన్ పని ముగించి లాడ్జికి వెళ్ళిపోయాక నెల్ రాత్రి అక్కడికే వచ్చి నిలబడుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్తారు. నెల్ తన అన్న చెంప కోస్తుంది. తండ్రి ఆమెని మంచానికి గొలుసు వేసి కడతాడు. గర్భవతి అని ఆసుపత్రి నుంచి తెలుస్తుంది. ఐరిస్ అనుమానం తండ్రి మీదికి పోతుంది. తండ్రేమో అది దయ్యం పనే అంటాడు. మానసిక వైద్యుడికి చూపించమంటే ఒప్పుకోడు. తంతు చేసి వదిలించకపోతే నా చేతులతో నేనే ఆమెని చంపి ఆత్మని కాపాడతానంటాడు. తుపాకీ పట్టుకున్న తండ్రి, కూతురంటే ప్రాణం పెట్టే తండ్రి. పెద్దబాపు గుర్తొచ్చాడు నాకు. అక్క వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

పశువుల కొట్టంలో రెండో తంతు ఈ సినిమాకి గుండెకాయ. నెల్ లోపలి దయ్యం కాటన్‌ని రెచ్చగొడుతూ ఒక బూతుమాట అంటుంది. అంటూ తప్పు పలుకుతుంది. కాటన్ అక్కడే పట్టుకుంటాడు. లోకమంతా తిరిగిన దయ్యానికి ఆ మాట సరిగ్గా రాకపోవడమేమిటి? ఇది ఏమీ తెలియని, ఎక్కడో చాటుగా విన్న పల్లెటూరి పిల్ల మాట. దయ్యం లేదు, సిగ్గుతో భయంతో చచ్చిపోతున్న పిల్ల ఉంది. అతని గొంతు అప్పుడు మారుతుంది. వదిలించడం ఆపి, ఓదార్చడం మొదలుపెడతాడు. ఒక కుర్రాడితో జరిగింది, నాన్నకి చెప్పలేకపోయాను అని పిల్ల ఏడుస్తుంది.

మా గదిలో ఎవరం మాట్లాడలేదు. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను అన్న మాటే కదా ఇది" అన్నారు మెల్లగా. అక్క తలూపింది. ఎక్కడి లూసియానా, ఎక్కడి బల్లార్షా! ఆయన మరాఠీ విని పట్టుకున్నది, అతను ఇంగ్లిష్ విని పట్టుకున్నాడు. దయ్యం పట్టిన పిల్ల పక్కన ఒక్క మనిషి చెవి పెట్టి కూర్చుంటే చాలని ఇంత చక్కగా చెప్పిన దయ్యం సినిమా నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

సినిమా అక్కడ ఆగిపోయి ఉంటే!

ఆగలేదు. స్థానిక పాస్టర్ మాన్లీ వచ్చి పిల్ల బాధ్యత తీసుకుంటాడు. కాటన్ బృందం వెనక్కి బయలుదేరుతుంది. దారిలో ఆ కుర్రాడు పనిచేసే చోట ఆగితే, నాకు అమ్మాయిల మీద మనసే లేదు, ఆ పిల్లని చూసిందే ఒకసారి అంటాడు. సరే, ఇక్కడిదాకా కూడా బాగుంది. అంటే నెల్ ఇంకా ఎవరినో దాస్తోంది, ఎవరో పెద్దమనిషి ఆమెకి అన్యాయం చేశాడు అని మా ఒళ్ళు జలదరించింది. సార్ ముందుకి వంగి కూర్చున్నారు. వెనక్కి వెళ్ళి చూస్తే ఇల్లు ఖాళీ, గోడల నిండా పిచ్చి గీతలు. అడవిలో పెద్ద మంట. ముసుగులు వేసుకున్న గుంపు, వాళ్ళకి పెద్ద మాన్లీ. తండ్రి కళ్ళకి గంతలు కట్టి ఉన్నాడు. నెల్‌ని బల్ల మీద కట్టేశారు. ఆమె కడుపులోంచి మనిషి కానిదేదో పుడుతుంది. దాన్ని మంటలో వేస్తే మంట ఆకాశానికి ఎగుస్తుంది. కాటన్ శిలువ పట్టుకుని, మళ్ళీ నమ్మకం వచ్చినవాడై, మంట వైపు నడుస్తాడు. ఐరిస్‌ని చంపేస్తారు. కెమెరామెన్ తల నరుకుతారు. కెమెరా కింద పడుతుంది. అయిపోయింది.

తమ్ముడు కేక పెట్టాడు, భయంతో కాదు, సరదాగా. సార్ ఏమీ అనలేదు. అక్క మాత్రం తెర వైపు చూస్తూనే అంది. "ఇంతసేపు నా దిక్కు మాట్లాడి, ఆఖర్ల మంత్రగాని దిక్కే పోయిండ్రు గదా."

ఇన్నేళ్ళలో ఈ సినిమా గురించి చదివినవాటిలో అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి చాలాసేపు వాదించుకున్నాం. తమ్ముడి వాదన తీసిపారేసేది కాదు. ముగింపు ఆకాశం నుంచి ఊడిపడలేదక్కా, నెల్ ముందే బొమ్మలు గీసింది కదా అన్నాడు. నిజమే. మంట ముందు నిలబడ్డ మనిషి, తల తెగిన మనిషి, అన్నీ ఆమె బొమ్మల్లో ఉన్నాయి. జరిగేది ముందే చెప్పారు. కాటన్ నమ్మకం పోగొట్టుకుని మొదలై, నమ్మకం దొరికి చనిపోతాడు, అది కూడా ఒక కథే అన్నాడు. ఒప్పుకుంటాను. అల్లిక తెలివైనదే. అన్నిటికీ ముడి వేశారు. నా బాధ ముడి గురించి కాదు, ఆ ముడి ఎవరి మెడకి బిగిసిందనే. కూతుర్ని గొలుసుతో కట్టిన తండ్రి చివరికి కళ్ళకి గంతలు కట్టుకుని నిలబడ్డ అమాయకుడైపోయాడు. దయ్యం ఉందని మొదటి నుంచీ అన్నది ఆయనే, ఆయన మాటే నిజమైంది. డాక్టర్‌కి చూపించండి అని బతిమాలిన ఐరిస్ మాట తప్పైంది, పైగా ఆమె ప్రాణమూ పోయింది. పిల్ల మాట విన్న కాటన్, వినడమే పొరపాటు అన్నట్టుగా మంటలోకి నడిచాడు. గంటకి పైగా ఒక్కో ఇటుకా పేర్చి కట్టిన ఇంటిని కట్టినవాళ్ళే కూలగొట్టారు.

భయం కోసం చూసినా ఆ ముగింపు నిలబడదు. కొట్టంలో పిల్ల తన వేళ్ళు తనే విరుచుకున్నప్పుడు మేం కూలర్ గాలిలో కూడా చెమటలు పట్టి కూర్చున్నాం. దయ్యం కావచ్చు, కాకపోవచ్చు అన్న సందేహం వల్ల వచ్చిన భయం అది. సందేహం తీర్చేసి, మంట పెట్టి, ముసుగులు వేసి చూపించాక ఇంక భయపడడానికి ఏముంది? అలాంటి గుంపుల్ని వేరే సినిమాల్లో బోలెడన్ని చూశాం. ఎదురింట్లో ఉండే తండ్రిని చూస్తే వచ్చే భయం ముసుగు మనిషిని చూస్తే రాదు.

సార్ ఆ రాత్రి చివర్లో జర్మనీ సంగతి చెప్పారు. అన్నెలీజ్ మిషెల్ అనే అమ్మాయి. మూర్ఛ రోగానికి మందులు వాడిన పిల్ల. దయ్యం పట్టిందని ఇద్దరు మతగురువులు నెలల తరబడి 67 సార్లు తంతు చేశారు. 1976 జూలై 1న చనిపోయేసరికి ఆమెకి 23 ఏళ్ళు, బరువు 30 కిలోల చిల్లర. 1978లో కోర్టు ఆమె తల్లిదండ్రులనీ ఆ ఇద్దరు గురువులనీ దోషులుగా తేల్చింది. "అక్కడ కూడా చివరికి కోర్టు చూసింది మనుషులు ఏం చేశారనే. దయ్యం పేరు ఏ తీర్పులోనూ నిందితుల జాబితాలో ఉండదు" అన్నారు.

2013 ఆగస్టు 20న పుణేలో పొద్దున నడకకి వెళ్ళిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ని కాల్చి చంపారు. 1989లో మహారాష్ట్ర అంధశ్రద్ధ నిర్మూలన్ సమితి పెట్టింది ఆయనే. మూఢాచారాల మీద చట్టం కావాలని ఏళ్ళ తరబడి పోరాడారు. బతికుండగా చూడలేదు. చనిపోయిన కొద్ది రోజులకే ఆర్డినెన్స్ వచ్చింది, ఆ డిసెంబర్‌లో శాసనసభ చట్టం చేసింది. నేను అప్పుడు చంద్రపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సార్ మరాఠీలో ఉన్న చట్టం ప్రతి జిరాక్స్ తీసి పట్టుకొచ్చి, షెడ్యూల్‌లో మొట్టమొదటి అంశం చదివి వినిపించారు. దయ్యం వదిలించే నెపంతో తాడుతోగానీ గొలుసుతోగానీ కట్టడం, కర్రతో కొరడాతో కొట్టడం, చెప్పులు నానబెట్టిన నీళ్ళు తాగించడం, మిరపకాయల పొగ పెట్టడం. ఆరు నెలల నుంచి ఏడేళ్ళ దాకా జైలు. మిరపకాయల పొగ అన్న మాట చట్టంలో చూసి నేను మళ్ళీ చదివించుకున్నాను. మా పక్కింటి కిటికీ దగ్గర మేం దగ్గుతూ చూసినదాన్ని ఎవరో రాసిపెట్టారు, నేరం అని పేరు పెట్టారు. ఫోన్ చేసి అక్కకి చెప్తే, ఆ కాగితం నాకూ ఒకటి పంపు అంది.

చట్టం వచ్చినంత మాత్రాన అయిపోలేదు. 2021 ఆగస్టులో మా జిల్లాలోనే, తెలంగాణ సరిహద్దుకి ఆనుకుని ఉన్న జివతి తాలూకాలో, వణీ ఖుర్ద్ అనే ఊళ్ళో భానామతి చేశారన్న అనుమానంతో దళిత కుటుంబాలకి చెందిన ముసలివాళ్ళని, ఆడవాళ్ళని కూడా చూడకుండా, చౌక్‌లో స్తంభాలకి కట్టి కొట్టారు. పేపర్లో ఆ వార్త చదివిన రోజు నాకు ఆ సినిమా ముగింపే గుర్తొచ్చింది. ముసుగుల గుంపు ఎవరికీ తెలియని అడవిలో ఉందని ఆ సినిమా అంటుంది. ఇక్కడ ముసుగులూ లేవు, అడవీ లేదు. పట్టపగలు, ఊరి నడిబొడ్డున, ఒకరికొకరు పేర్లు తెలిసిన జనం. దయ్యం నిజమని నమ్మినవాళ్ళే అందరూ. అలాంటి నేల మీద కూర్చుని చూసేవాళ్ళకి, దయ్యం నిజంగానే ఉంది సుమా అని చెప్పి తెర దించడం ఉత్త సినిమా తెలివిగా కనిపించదు.

అందుకే నేను ఆ సినిమా తీసినవాళ్ళ మీద ఇంత కోపం పెట్టుకున్నాను. చేతకానివాళ్ళయితే వదిలేసేదాన్ని. సుమారు 18 లక్షల డాలర్లతో, అంటే హాలీవుడ్ లెక్కలో చిల్లర డబ్బుతో, పెద్ద పేరున్న తారలు ఎవరూ లేకుండా, ఒక పల్లెటూరి ఇల్లు, ఒక కొట్టం, నలుగురు మనుషులతో అంత నిజం చూపించగలిగారు. సినిమా 6 కోట్ల డాలర్లకి పైగా రాబట్టింది. 2013లో రెండో భాగం కూడా వచ్చింది. దాంట్లో నెల్‌ని మళ్ళీ దయ్యం చేతికే అప్పగించారు.

సార్ రిటైరయ్యాక కూడా కార్యక్రమాలు మానలేదు. రాజురా వైపు, గోండ్‌పిప్రి వైపు బడులకి వెళ్తారు. వీలైనప్పుడు నేనూ వెళ్తాను. కొబ్బరికాయ మంట అయ్యాక ఆయన పిల్లలకి ఈ సినిమా కథ చెప్తారు. సినిమా చూపించరు, అది పిల్లలు చూసేది కాదు. పొగ శిలువ, దారాలు, నీళ్ళ గిన్నె, ఎర్ర బూట్లు, తండ్రి గొలుసు, అన్నీ చెప్తారు. కొట్టంలో కాటన్ ఆ పిల్ల మాట విన్నాడు అన్నదాకా చెప్పి ఆగుతారు. తర్వాత ఏమైంది సార్ అని పిల్లలు అడుగుతారు. ఆయన దాచరు. సినిమాలో దయ్యం నిజమే అని చూపించారు, నాకు నచ్చలేదు, మీరైతే ఎలా ముగిస్తారో చెప్పండి అంటారు.

ఒక బడిలో ఒక అబ్బాయి లేచి, దయ్యం ఉంటేనే బాగుంటుంది సార్, మంట బాగుంటుంది అన్నాడు. సార్ అది కూడా బోర్డు మీద రాశారు. ఒకరు పోలీసులని పిలవాలన్నారు. ఒకరు తండ్రిని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలన్నారు. ఆ మాటకి సార్ చాలా సంతోషపడ్డారు, ఆ పిల్లవాణ్ణి ముందుకి పిలిచి మళ్ళీ చెప్పించారు. వెనక బెంచీలో ఉన్న ఒక అమ్మాయి, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల, చాలాసేపు ఆలోచించి మరాఠీలో చెప్పింది. ఆ బూట్లు ఇచ్చిన ఆమె ఉంది కదా సార్, ఆమెతో పాటు బస్సెక్కి వెళ్ళిపోవాలి, పాప పుట్టాక బడికి వెళ్ళాలి అని. ఏ బడికి అని సార్ అడిగితే, మా బడికే రమ్మనండి, మా బెంచీలో జాగా ఉంది అంది.